నేను మర్చిపోని పాస్‌వర్డ్

"పోన్లెండి మేడమ్, ఈ వయసులో గుర్తుండదు. మా అమ్మగారూ అంతే" అన్నాడు మా మేనేజరు. నాకు యాభై ఒకటి. వాళ్ళమ్మగారికి ఎన్నేళ్ళో తెలియదు గానీ, ఇలాంటి కొడుకు ముందు రోజూ ఏదో ఒకటి మర్చిపోతూ ఉండాల్సిన ఆవిడ మీద ఆ క్షణంలో నాకు జాలేసింది. ఎదురుగా కుర్చీ అంచున ఒక రైతు మనిషి, ఒళ్ళో స్టీలు డబ్బా పెట్టుకుని, మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. నా కంప్యూటర్ తెర మీద పాస్‌వర్డ్ తప్పు అన్న మాట తొమ్మిదోసారి కనిపించింది.

నేను మర్చిపోలేదు. ఆ మాట అప్పుడే అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. ఆ పాస్‌వర్డ్ పెట్టింది నేను. ఏడేళ్ళపాటు రోజూ పొద్దున్నే దాంతో ఆ షీటు తెరిచింది నేను. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మనిషైతే ఎదురు తిరిగి వాదించొచ్చు, కంప్యూటర్‌తో ఏం వాదిస్తాం? కాదంది అంటే కాదంతే. పక్కన మేనేజరు మొహంలో మాత్రం నాకు నచ్చని నెమ్మది ఒకటి కనిపించింది. షీటు తెరుచుకోకపోతే అతనికి పోయేదేమీ లేదు. పోయేదంతా ఎదురుగా డబ్బా పట్టుకుని కూర్చున్న మనిషిది.

మాది విత్తనాల కంపెనీ. ఆఫీసు బెంజ్ సర్కిల్ దగ్గర మూడో అంతస్తులో. పదహారేళ్ళ కిందట నేను చేరింది తెలుగు టైపింగు పనికి. సంచుల మీద వేసే లేబుళ్ళు, రైతులకు పంచే కరపత్రాలు, చల్లేముందు వడ్లకి మండె ఎలా కట్టాలో చెప్పే కాగితాలు, అన్నీ నేనే టైపు చేసేదాన్ని. కరపత్రం కింద ఫోన్ నంబరు వెయ్యాలి కదా అని అప్పటి మేనేజరుగారు నా టేబుల్ మీది ఫోన్ నంబరే వేయించారు. అక్కణ్ణుంచి రైతులు నాకే ఫోన్ చేయడం మొదలెట్టారు. విత్తనం బాగుంటే ఎవరూ చేయరు. బాగోకపోతే చేస్తారు.

వాళ్ళు చెప్పింది కాగితాల మీద రాసేదాన్ని. కాగితాలు పోతున్నాయని షీటు మొదలెట్టాను. తేదీ, ఊరు, పేరు, ఫోను, సంచి మీది లాట్ నంబరు, చివరి గడిలో ఫిర్యాదు. ఆ చివరి గడి మాత్రం నా సొంత పద్ధతి. రైతు ఏం మాట అంటే ఆ మాటే రాస్తాను, తెలుగులోనే, నేను సర్దకుండా. "సంచిలో సగం తాలేనండి." "చేను ఒకచోట పొడుగు, ఒకచోట పొట్టి, రెండు రకాలు కలిపేశారు." "మా ఆయన నన్నే తిడుతున్నాడు, మీరే ఒకసారి ఆయనకి చెప్పండి." ఈ ఆఖరిది చదివి పాత మేనేజరుగారు నవ్వారు గానీ, నిజంగానే ఆ ఊరికి ఫోన్ చేసి ఆయనతో మాట్లాడారు. పెద్దమనిషి. శనివారం శనివారం షీటుకి పెన్‌డ్రైవ్‌లో కాపీ తీసి సొరుగులో పెట్టమని చెప్పింది కూడా ఆయనే.

పాస్‌వర్డ్ పెట్టాల్సి రావడానికి కారణం ఒక సేల్స్ ఆఫీసరు. కుర్రవాడు కూడా కాదు, నలభై దాటినవాడు. తన ఏరియాలో ఫిర్యాదులు ఎక్కువ కనిపిస్తున్నాయని, నేను భోజనానికి వెళ్ళినప్పుడు కూర్చుని నాలుగు వరుసలు చెరిపేశాడు. పట్టుకున్నాను, కేకలేశాను. ఆ సాయంత్రమే తాళం వెయ్యమన్నారు పాత మేనేజరుగారు. ఏం పెట్టాలని రెండో ఆలోచన రాలేదు నాకు. తూముకాడ చెక్క అని కొట్టాను.

మా అమ్మ కౌలుకు చేసిన పొలం పేరు అది. కంకిపాడు దాటాక కాలవ పక్కన, తూముకు ఆనుకుని ఎకరన్నర. మాది కాదు, కానీ ఇంట్లో ఎవరం ఆసామి చేను అనేవాళ్ళం కాదు, తూముకాడ చెక్క అనేవాళ్ళం. నాన్న పోయాక అమ్మే చేసింది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక సార్వాకి, అంటే వానాకాలం పంటకి, కొన్న విత్తనం మొలవలేదు. వడ్లు నానబెట్టి, గోనెపట్టాలో బిగించి, పైన బరువు పెట్టి మొలక రానివ్వడాన్ని మండె కట్టడం అంటాం మేము. మూడో రోజు మండె విప్పితే పులిసిన వాసన వచ్చింది. అమ్మ ఆ వడ్లు కొంగులో వేసుకుని విత్తనాల కొట్టుకు వెళ్ళింది. కొట్టతను పదిమంది ముందు, నీకు మండె కట్టడం చేతకాలేదమ్మా అన్నాడు. ఇంకెవరికీ రాని ఇబ్బంది నీకే వచ్చిందా అన్నాడు.

ఇంకెవరికి వచ్చిందో అమ్మకి ఎలా తెలుస్తుంది? ఎవరి కొంగులో వాళ్ళు వడ్లు మూట కట్టుకుని ఎవరి కొట్టుకు వాళ్ళు వెళ్ళి ఉంటారు. మళ్ళీ విత్తనం సంపాదించేసరికి అదను దాటింది. ఆసామి చెక్కని ఇంకొకరికి ఇచ్చేశాడు. ఆ ఏడు అమ్మ అదే తూముకాడ చెక్కలో కూలికి నాట్లు వేసింది. ఆదివారం చర్చికి పోయి వచ్చి అన్నం వడ్డిస్తూ, ఉన్నట్టుండి "నా మండెలో తప్పు లేదే" అనేది. ఎవరూ అడక్కుండానే అనేది. చనిపోయే ఏడాది కూడా ఒకసారి అంది. నా చివరి గడి పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో పాత మేనేజరుగారు రిటైరయ్యారు. కొత్తతను వచ్చాడు, ముప్పై అయిదేళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, చేతికి నల్ల గడియారం. ఏప్రిల్లో కొత్త కంప్యూటర్లు దిగాయి. పాతవాటిని స్క్రాప్ అతను ఆటోలో వేసుకుపోయాడు. ఫిర్యాదులు ఇకనుంచి కొత్త సిస్టమ్‌లో, ఇంగ్లీషులో ఎక్కించాలన్నారు. అందులో రైతు మాట రాసే గడి లేదు. కారణం నొక్కితే ఆరు మాటల జాబితా కిందికి దిగుతుంది. నీరు ఎక్కువైంది, నీరు తక్కువైంది, ఆలస్యంగా చల్లారు, లోతుగా చల్లారు, నిల్వ సరిగా లేదు, ఇతరములు. విత్తనం బాగాలేదు అన్న కారణం అందులో లేదని చెబితే, ఇతరములు ఉంది కదా మేడమ్ అన్నాడు. అప్పుడే నాకు ఒళ్ళు మండింది. పాత షీటు కొత్త కంప్యూటర్లోకి ఎక్కించారు గానీ, వేసవి కదా, దాన్ని తెరవాల్సిన పని రెండు నెలలు పడలేదు.

జూన్లో కాలవలకి నీళ్ళు వదిలారు. ఆ నెలలోనే ఒక సోమవారం ఈ డబ్బా మనిషి వచ్చింది. కంకిపాడు అవతల ఒక ఊరు, మూడెకరాలు కౌలు. నా వయసే ఉంటుంది. స్టీలు డబ్బాలో మొలవని వడ్లు, చీర చెంగున ముడేసిన సంచి లేబులు. చుట్టుపక్కల నారుమళ్ళన్నీ పచ్చగా లేచాయట, తనది ఒక్కటే బురద. ఈ వారంలో మంచి విత్తనం చేతికొస్తే మళ్ళీ చల్లుకుంటుంది. రాకపోతే పొలం ఇంకొకరికి ఇచ్చేస్తానని ఆసామి చెప్పేశాడట. మండల వ్యవసాయాధికారికి అర్జీ పెట్టుకుంది, ఆ అధికారి శుక్రవారం మా ఆఫీసుకే వచ్చి విచారిస్తానన్నారు. ఇదంతా ఒక్క కన్నీటి చుక్క లేకుండా చెప్పింది.

మేనేజరు లేబులు చూసి కొత్త సిస్టమ్‌లో నంబరు కొట్టాడు. ఈ లాట్ మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ లేదమ్మా, నీ మండెలోనే ఏదో తేడా జరిగి ఉంటుంది, ఇంకెవరికీ రాలేదు కదా అన్నాడు.

అక్షరం పొల్లుపోకుండా ఆ కొట్టతను అన్నదే. ముప్పై ఆరేళ్ళ తర్వాత, ఏసీ గదిలో, మర్యాదగా. లేబులు లాక్కుని చూశాను. ఆ నంబరు నాకు తెలుసు. మొన్న దాళ్వాకి, అంటే రెండో పంటకి, డిసెంబరులో ఇదే లాట్ మీద నాకు వరసగా ఫోన్లు వచ్చాయి. పాత మేనేజరుగారికి చూపిస్తే ఆయన నోటిమాటగానే ఆ లాట్ ఆపించారు. మిగిలిన సంచులు గోడౌన్లో ఉండిపోయాయి. అవే సంచులు, కొత్త తేదీ వేసిన కాగితం అంటించుకుని ఇప్పుడు బయటికొచ్చాయన్నమాట. కొత్తతను తెలిసి చేశాడని నేను అనను. తెలియకుండానే చేసి ఉంటాడు. కానీ నేను చెప్పిన తర్వాత కూడా తెలుసుకోవాలనుకోలేదు, నా కోపమంతా అక్కడే.

డిసెంబరులో వచ్చినవి పదికి తక్కువ కాదు, షీటు తెరిచి చూపిస్తాను అన్నాను. చూపించండి అన్నాడు. తొమ్మిదిసార్లు కొట్టాను. తర్వాతి కథ మీకు తెలిసిందే, వాళ్ళమ్మగారి దాకా వెళ్ళింది.

ఆ వడ్ల మనిషిని మెట్ల దాకా దిగబెట్టాను. ఆవిడ నన్ను ఒక్కటే అడిగింది. "నిజంగా ఇంకా ఉన్నారాండీ? నాలాంటోళ్ళు?" ఉన్నారన్నాను. శుక్రవారం నాటికి చూపిస్తాను అన్నాను. అని వచ్చి కూర్చున్నాక నా మాటకి నాకే భయమేసింది.

మంగళవారం కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించాను. అతను అరగంట కుస్తీ పట్టి, ఇలాంటి తాళం పాస్‌వర్డ్ లేకుండా తీయడం తన వల్ల కాదన్నాడు. పోనీ ఇంకో మాటేమైనా పెట్టారేమో గుర్తు తెచ్చుకోండి మేడమ్ అన్నాడు. అతనికీ ఒక అమ్మగారు ఉండి ఉంటారు. తెలుగులో కొట్టాను, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను, మధ్యలో ఖాళీ వదిలి, వదలకుండా, అన్ని రకాలుగా కొట్టాను. డిసెంబరులో ఫోన్ చేసినవాళ్ళకి మళ్ళీ ఫోన్ చేద్దామంటే నంబర్లన్నీ ఆ షీటులోనే ఉన్నాయి. రిటైరైన పెద్దాయన కూతురి దగ్గరికి వెళ్ళి ఉన్నారు. ఫోన్లో, లాట్ ఆపించింది నిజమేనమ్మా, శుక్రవారం ఎవరైనా అడిగితే చెబుతాను, కానీ కాగితం మీద ఏం లేదే అని బాధపడ్డారు. పటమటలో బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే, ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం, నిజంగానే మర్చిపోయానేమో అనిపించింది. ఆ నిమిషానికి మేనేజరుని నేను ఇప్పటికీ క్షమించలేదు.

బుధవారం పొద్దున్న లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్ నుంచి ఫోన్ వచ్చింది. నేను పంపిన పాత కరపత్రం ఫైలు తెరిస్తే తెలుగంతా పిచ్చిగీతల్లా వస్తోందట. మీ కొత్త కంప్యూటర్లో పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ లేదేమో చూసుకోండి, ఆ రోజుల్లో అది తెలుగు కాదుగా మేడమ్, ఏవో గుర్తులకి తెలుగు ముసుగు వేసేది, అన్నాడు ప్రెస్ అతను.

ఫోన్ పెట్టేసేసరికి నాకు సంగతి వెలిగింది. నేను పొద్దున్న పదింటికి ఆ పాత సాఫ్ట్‌వేర్ వేశానంటే సాయంత్రం ఆరింటిదాకా తీసేదాన్ని కాదు. డీటీపీ చేసినవాళ్ళందరికీ ఉన్న అలవాటే అది. పాస్‌వర్డ్ పెట్టిన సాయంత్రం కూడా అది వేసే ఉంది. పాస్‌వర్డ్ గడిలో చుక్కలు తప్ప ఇంకేం కనిపించవు కదా. నేను తెలుగులో తూముకాడ చెక్క అని కొడుతున్నాననుకున్నాను. కంప్యూటర్‌కి చేరింది మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ పంపిన పిచ్చిగుర్తులు. రోజూ తెరిచినప్పుడూ అది వేసే ఉండేది కాబట్టి రోజూ అవే గుర్తులు వెళ్ళేవి, తాళం తెరుచుకునేది. కొత్త కంప్యూటర్లో ఆ సాఫ్ట్‌వేర్ లేదు. మాట అదే, వేళ్ళు అవే, గుర్తులు వేరు. ఏడేళ్ళుగా నా పాస్‌వర్డ్ ఏమిటో నాకే తెలియదన్నమాట. తెలియకపోవడం వేరు, మర్చిపోవడం వేరు. ఆ తేడా పట్టుకునేసరికి నాకు ఎంత సంతోషం వేసిందంటే, క్యాంటీన్‌కి వెళ్ళి రెండు గారెలు తిన్నాను.

మధ్యాహ్నం సెలవు పెట్టి గవర్నర్‌పేట వెళ్ళాను. నాకు టైపింగు నేర్పిన గురువుగారు అక్కడ ఒక సందులో ఇప్పటికీ శుభలేఖలు కంపోజ్ చేస్తుంటారు. డెబ్భై దాటాయి. ఆయన దగ్గర పాత లావుపాటి లాప్‌టాప్ ఒకటుంది. పాత సాఫ్ట్‌వేర్ దాంట్లోనే నడుస్తుంది, వెనక చిన్న తాళం బిళ్ళ గుచ్చితేనే లేస్తుంది. సంగతంతా విని ఆయన ఒక ఖాళీ షీటు తెరిచారు. తెలుగు వేసి ఉండగా దానికి పాస్‌వర్డ్ పెట్టించారు. తెలుగు తీసేసి అదే మాట కొట్టమన్నారు. తెరుచుకోలేదు. మళ్ళీ తెలుగు వేసి కొట్టమన్నారు. తెరుచుకుంది. "నీ బుర్ర బానే ఉందమ్మాయ్" అన్నారు. ఆ సందులో, శుభలేఖల కట్టల మధ్య, నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

మరి పెన్‌డ్రైవ్ ఇవ్వు, ఇక్కడే తెరిచేద్దాం అన్నారు. అది నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది, ఫిబ్రవరి ఆఖరి శనివారం కాపీ. బయటికి తీయలేదు. ఇక్కడ తెరిస్తే ఆ వరుసలు నేనే కూర్చుని రాశానంటారు గురువుగారూ అన్నాను. తెరిస్తే అందరి ముందే తెరవాలి. ఆయన తాళం బిళ్ళ ఊడదీసి జేబులో వేసుకుని, శుక్రవారం ఎన్నింటికి అన్నారు.

శుక్రవారం పదకొండింటికి వ్యవసాయాధికారి వచ్చారు. ముప్పై లోపు ఆడమనిషి, మెడలో ఐడీ కార్డు, చెప్పులకి పొలం బురద. రైతు మనిషి అదే డబ్బాతో వచ్చింది. మేనేజరు కొత్త సిస్టమ్ తెర తిప్పి చూపించాడు. ఈ లాట్ మీద ఈవిడది ఒక్కటే, కారణం ఇతరములు. పాత రికార్డు ఏదో ఉందని మా మేడమ్ అంటున్నారండి, పాపం పాస్‌వర్డ్ మర్చిపోయారు అని నా వైపు జాలిగా చూశాడు. అప్పుడే గురువుగారు లిఫ్టు పనిచేయక మూడంతస్తులూ మెట్లెక్కి, లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని, ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడ్డారు.

కంపెనీ ఫైలు బయటి కంప్యూటర్లో తెరవడానికి వీల్లేదన్నాడు మేనేజరు. ఈసారి అతని గొంతులో మర్యాద కొంచెం తగ్గింది. నేను అందరికీ కనపడేట్టు పెన్‌డ్రైవ్ ఎత్తి టేబుల్ మధ్యలో పెట్టాను. "సార్, ఈ కాపీ తీయమంది కంపెనీయే. నేను దీన్ని ఎక్కడా తెరవలేదు. తెరుచుకోకపోతే ఇవాళే రాజీనామా కాగితం ఇస్తాను. తెరుచుకుంటే అందరం కలిసి చదువుదాం."

రాజీనామా సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా నోట్లోంచి వచ్చాకే తెలిసింది. అధికారి గారు కుర్చీ లాప్‌టాప్ దగ్గరికి జరుపుకున్నారు. విచారణ నాది, నా ముందే తెరవండి అన్నారు.

ఆ లాప్‌టాప్ లేవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. గురువుగారు తాళం బిళ్ళ గుచ్చి తెలుగు వేశారు. పాస్‌వర్డ్ గడి వచ్చింది. నేను కళ్ళు మూసుకుని కొట్టాను. చుక్కలు ఒక్కొక్కటే పడుతున్నాయని తెలుస్తూనే ఉంది. నొక్కాను. కళ్ళు తెరిచేసరికి షీటు నా ఎదురుగా ఉంది, తెలుగులో, ఏ వరుస ఆ వరుసగా.

లాట్ నంబరు పెట్టి వెతికాను. పదకొండు వరుసలు. డిసెంబరు తేదీలు, ఊళ్ళు, ఫోన్లు, అన్నీ ఉన్నాయి. అధికారి గారు చివరి గడి పైకి చదవడం మొదలెట్టారు. "మండె విప్పితే పులిసిన వాసనండి, మొలక లేదు." "మూడు సంచులు తెచ్చాను, మూడూ అంతే." "మా ఊళ్ళో అందరూ నవ్వుతున్నారు, నాకు మండె కట్టడం రాదంట." చదువుతూనే ఆవిడ అక్కడున్న నంబర్లలో ఒకదానికి తన ఫోన్ నుంచే ఫోన్ చేశారు. ఆవిడ ఆ లాట్ సంగతి ఎత్తగానే అవతలి రైతు, ఇప్పటికి అడిగారాండీ అన్నాడు, స్పీకర్లో అందరికీ వినపడింది. తర్వాత రిటైరైన పెద్దాయనకీ ఫోన్ కలిపారు. ఆపించింది నేనే అని ఆయన ఒక్క మాట చెప్పారు.

మేనేజరు ఆ షీటు వైపు చూడలేదు. గడియారం సర్దుకున్నాడు. గోడౌన్లో ఆ లాట్ సంచులన్నీ అక్కడికక్కడే ఆపమని, ఈ సార్వాకి ఆ సంచులు కొన్నవాళ్ళందరికీ రెండు రోజుల్లో వేరే లాట్ విత్తనం ఊళ్ళకే చేర్చమని అధికారి గారు కాగితం రాసి అతని చేత సంతకం పెట్టించారు. పెన్ను లేదంటే గురువుగారు తన జేబులోది ఇచ్చారు.

అందరూ లేస్తుంటే రైతు మనిషి లేవలేదు. లాప్‌టాప్ తెర వైపే చూస్తోంది. ఆవిడకి చదువు రాదని అప్పుడు అర్థమైంది నాకు. "ఇందులో నాది కూడా ఉందాండీ?" అని అడిగింది.

లేదన్నాను. సోమవారం ఇది తెరుచుకోలేదు కదమ్మా, రాయలేకపోయాను, ఇప్పుడు చెప్పు, నువ్వు చెప్పింది చెప్పినట్టు కొడతాను అన్నాను. మేనేజరు ఏదో అనబోయాడు. అధికారి గారు మళ్ళీ కూర్చున్నారు.

ఆవిడ డబ్బా మీద మూత బిగించింది. "మండె బాగానే కట్టానండి. ముప్పై ఏళ్ళ నుంచీ కడుతున్నాను. చచ్చిన విత్తనం ఇచ్చారు. తప్పు నా చేతిది కాదు" అంది.

పన్నెండో వరుసలో, ఇవాళ్టి తేదీ వేసి, ఒక్క అక్షరం సర్దకుండా కొట్టాను. కొట్టి పైకి చదివి వినిపించాను. ఆవిడ తల ఊపింది. ఈ మాట చెప్పిన ఇంకో మనిషి నాకు తెలుసు. ఆవిడ చెప్పినప్పుడు రాసుకునేవాళ్ళు ఎవరూ లేరు.

శనివారమే విత్తనం చేరిందని ఆదివారం సాయంత్రం రైతు మనిషి ఫోన్ చేసింది. మండె కట్టేశాను, మంగళవారానికి మడిలో చల్లేస్తాను, ఆసామి వచ్చి చూసి ఏం మాట్లాడకుండా వెళ్ళిపోయాడు అని చెప్పింది. సోమవారం పొద్దున్న నా టేబుల్ మీద హెడ్డాఫీసు మెమో ఉంది. కంపెనీ ఫైలును అనుమతి లేకుండా బయటి కంప్యూటర్లో తెరిచినందుకు, పాస్‌వర్డ్ మర్చిపోయి ఆఫీసు పనికి అంతరాయం కలిగించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. మూడు రోజులెందుకని అప్పుడే కూర్చుని రాశాను, తెలుగులో. మొదటిదానికి, ప్రభుత్వ అధికారి అడిగారు, ఆవిడ ముందే తెరిచాను, మళ్ళీ అడిగితే మళ్ళీ తెరుస్తాను అని రాశాను. రెండోదానికి ఒక్క ముక్కే రాసి సంతకం పెట్టాను. నేను మర్చిపోలేదు.